పరిశోధక విద్యార్థుల పురోగతియు, మన విద్యానిధియు
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. విద్య యావశ్యకమని చెప్పుటకు నేడు నే నిచ్చటికి రానక్కరలేదు. ఆ సంగతి నొప్పుకొనని తల్లిదండ్రులు గుంటూరు, ప్రకాశము సీమలలో మిక్కిలి యరుదు. పత్తి తీసిన డబ్బుతో కాలేజి జీతములు, మిరపకాయలు యార్డున కమ్మిన డబ్బుతో హాస్టలు ఖర్చులు చెల్లించుకొనుచు మనవారు బిడ్డలను పైకి దెచ్చుచునే యున్నారు. నేను జెప్పదలచినది యొక చిన్న భాగమును గూర్చి మాత్రమే. ఎం.ఏ., ఎం.ఎస్సీ. పట్టములు ముగించి, పి.హెచ్.డి. పట్టమునకై పరిశోధనయందు బ్రవేశించిన మన యువతీయువకుల సంగతి యది.

వీరి సంఖ్య స్వల్పము. అందుచేత సంఘముయొక్క దృష్టి వారిపై నిలువదు. ప్రవేశము లభించిన నాడొక పూలదండ వేయుదుము. పట్టము వచ్చిన నాడు మరియొకటి వేయుదుము. ఈ రెండు దండల నడుమ గడచు అయిదారేండ్లలో ఆ పిల్లవాడేమి చేయుచున్నాడో సంఘమునకు దెలియదు, పెక్కు తావుల నింటివారికిని దెలియదు. "అబ్బాయి యింకను చదువుచునే యున్నాడా?" యని సంబంధము చూడవచ్చినవా రడుగుదురు. తండ్రి యేదో యొకటి చెప్పి మాట మార్చును. బి.ఏ.కు మూడేండ్లు, ఎం.ఏ.కు రెండేండ్లు అని లెక్క చెప్పినట్లు దీనికి లెక్క చెప్పుటకు వీలులేకపోవుటయే యీ చిక్కున కంతకును మూలము. పరీక్షలు లేవు, మార్కుల పట్టికలు లేవు, పై తరగతికి బోవుట లేదు. కనుక ముందుకు బోవుచున్నవానికిని, నిలిచిపోయినవానికిని భేదము బయటివారికి గనబడదు.

అయినను ఆ త్రోవలో మైలురాళ్లు లేకపోలేదు. వానిని విద్యార్థులకంటె ముందు తల్లిదండ్రు లెరిగియుండుట మేలని తలచి కొంచెము వివరించుచున్నాను. 2022వ సంవత్సరము నవంబరులో యు.జి.సి.వారు పి.హెచ్.డి. పట్టమునకు నూతన నియమావళిని ప్రకటించిరి. దాని ననుసరించి చేరినది మొదలు కనీసము మూడేండ్లు, అధికపక్షము ఆరేండ్లు గడువు. మరల రిజిస్టరు చేయించుకొన్నచో నింకను రెండేండ్ల వరకు పొడిగింపవచ్చును. మొదట కోర్సువర్కు అను పాఠభాగము కలదు. అందు కనీసము పండ్రెండు క్రెడిట్లు, నూటికి 55 మార్కులు రావలెను. పిదప ప్రతి సెమిస్టరునందును ఒకమారు పరిశోధన సలహా సంఘము నెదుట నిలిచి, తాను చేసిన పని నివేదింపవలెను. పని తృప్తికరముగా లేనిచో సలహా సంఘమువారు కారణములు వ్రాసి, సవరించుకొను మార్గము సూచింతురు. ఆ సూచనలనుగూడ పాటింపనివాని రిజిస్ట్రేషను రద్దు చేయుటకు సిఫారసు చేయు నధికారము వారికి గలదు. తుదకు సిద్ధాంత వ్యాసము సమర్పించుటకు ముందు సభాముఖమున నొక నివేదనము, తరువాత ఇతర విశ్వవిద్యాలయములకు జెందిన యిద్దరు పరీక్షకులకు తగ్గకుండ పరిశీలనము, ఆ మీదట మౌఖిక పరీక్ష. వ్యాసము సమర్పించిన యారు మాసములలోపల నీ తతంగమంతయు ముగియవలెనని నియమము. వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి పద్ధతులు కొంత వేరుగా నుండును; చేరిన దినముననే ఆయా విశ్వవిద్యాలయముల నిబంధనల పుస్తకము చేత బట్టుకొనుట మంచిది.

ఈ మజిలీలలో మనవారు తరచుగా జారిపడునది ఆరు మాసముల నివేదికవద్ద. దానిని కేవలము సంతకముల తంతుగా నెంచి, ముందునాటి రాత్రి రెండు పుటలు వ్రాసి యిచ్చి వచ్చెడి విద్యార్థులు కలరు. ఆ నివేదిక గురువులకొరకు గాదు, విద్యార్థి రక్షణకొరకే యేర్పడినది. క్రిందటిమారు ఏమి చేసెదనని చెప్పితిని, అందులో నేమి జరిగినది, ఏమి జరుగలేదు, ఎందుచేత జరుగలేదు, రాబోవు నారు మాసములలో నాకేమి కావలెను అను నీ సంగతులు దాపరికము లేక వ్రాసి, సలహా సంఘమువారి యభిప్రాయమును వ్రాతమూలముగా బుచ్చుకొని, నకలు తనవద్ద నుంచుకొనవలెను. యంత్రము చెడిపోయి నాలుగు నెలలు పని నిలిచిన సంగతి ఆనాడే కాగితముపై నెక్కినచో, అయిదవ యేట గడువు పొడిగింపు కోరునప్పుడు అది సాక్ష్యమగును. ఎక్కనిచో సోమరితనమని పేరు వచ్చును. గైడుతో మాట పట్టింపు వచ్చినప్పుడుగూడ నిదే మార్గము. ఆయన గదివాకిట గంటలకొలది నిలుచుండుటకంటె, మర్యాదగా నొక లేఖ వ్రాసి తేదీ వేసి యుంచుకొనుట యుత్తమము. కుటుంబములో తొలిసారిగా విశ్వవిద్యాలయపు గడప ద్రొక్కిన పిల్లలు మనలో ననేకులు. పెద్దల నడుగుట యవిధేయత యని వారు సంకోచింతురు. వినయముతో నడుగుటకు నియమావళియే తావిచ్చినదని వారికి మనము చెప్పవలెను.

ఇక కాలము విషయము. మన సీమ పరిశోధనలో ఋతువు యొక్క పాత్ర గొప్పది. గుంటూరు సమీపమున లాంలోని పరిశోధన క్షేత్రము 1922 నాటిది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో స్థాపింపబడినది. ఈ తావులందు మిరపపైనను పత్తిపైనను పని చేయు విద్యార్థికి సంవత్సరమున కొక్క పైరే దక్కును. నారు పోసి, నాటి, పూత పిందె గమనించి, మాఘ ఫాల్గుణములలో కోసి కల్లమున నార్చువరకు ఏడెనిమిది మాసములు. ఒక యేటి ఫలితమును నమ్మరాదు గనుక రెండవ యేడుగూడ ఆ ప్రయోగమే చేయవలెను. 2021వ సంవత్సరమున నల్ల తామర పురుగు మన మిరప తోటలపై బడి పూతను పాడుచేసిన సంగతి ఈ సభలోని రైతులకు నేను జ్ఞాపకము చేయనక్కరలేదు. థ్రిప్స్ పార్విస్పైనస్ అను ఈ పురుగు భారతదేశమున 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయి చెట్లపై మొదట కనుగొనబడినది. ఆరేండ్లలో మన తోటలకు వచ్చినది. ఎందరో తోటలు పీకివేసిరి. ఆ యేడు మిరపపై ప్రయోగము పెట్టుకొన్న విద్యార్థికి పైరు పోయినచో పోయినది కాయలు కావు, ఒక సంవత్సరము. మందు కొట్టి కాపాడుకొందమన్నను, మందు కొట్టిన మడికిని కొట్టని మడికిని భేదము చూచుటయే కొందరి ప్రయోగము. వారు పురుగును చూచుచు నూరకుండవలసినదే. తన తోట పోయిన రైతు కష్టము నూరివారందరు నెరుగుదురు. వీని కష్ట మింటిలోనే యెవరికిని దెలియదు.

ఇట్టి పరిశోధన మనకేల యను ప్రశ్న లేదు. 1987-88 ప్రాంతమున తెల్లదోమయు, శనగపచ్చ పురుగును పత్తిని తినివేయగా, మందులపై మందులు కొట్టి, అప్పులపాలై, గుంటూరు ప్రకాశము జిల్లాలలో రైతులు ప్రాణములు దీసికొనిరి. ఏ మందున కే పురుగు లొంగుట మానినదో చెప్పగల మనుష్యులు మన పొలముల నెరిగినవారిలోనుండి రావలెను. పురుగు కులము చూచి వ్రాలదు. వీరి విద్యాఫలము మన కులమునకే దక్కవలెనని నేను కోరుటయు లేదు.

పట్టము వచ్చుటయే పురోగతి యనుకొనెడి తల్లిదండ్రులకు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము చెప్పదగినది. భీమవరమున 1895లో జన్మించిన యాయన 1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. ఆ ప్రయాణమునకు మామగారును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధివారును తోడ్పడిరి. చేతిలో చాలినంత ధనము లేక రాత్రివేళల ఆసుపత్రిలో నౌకరీ చేసిరి. ఫిస్కె అను నాచార్యునితో గూడి రక్తమున భాస్వరము నంచనా వేయు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. ప్రపంచమంతయు నా పద్ధతి నవలంబించుచున్నను ఆయనకు హార్వర్డునుండి పి.హెచ్.డి. పట్టము వచ్చినది 1930లో. అప్పటికి వయస్సు ముప్పదియైదు. నడుమ నా యేడేండ్లును భీమవరములోనో రాజమండ్రిలోనో నిలిచి "ఏమైనది, ఏమైనది" యని యడిగినవానికి చూపుటకు పట్టము లేదు. కాని పని యేనాడో జరిగిపోయినది. మన తెనాలి ప్రాంతమున యలవర్రులో జన్మించి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున పట్టము పొంది, తోళ్ల పరిశ్రమకు గొప్ప సేవ చేసిన యలవర్తి నాయుడమ్మగారిని గూర్చి వేరుగా జెప్పనక్కరలేదు. ఒక్క మాట: చర్మములు శుద్ధి చేయు విద్య కేమి గౌరవమని యాకాలమున తలచినవారికి లోటు లేదు. పరిశోధనాంశమును ఇంటి గౌరవమును బట్టి యెంచుకొనరాదు.

సోదరీమణుల విషయము మరియొక తీరు. ఎం.ఎస్సీ. ముగియగనే వివాహమనియు, వివాహముతో చదువు సరియనియు ననుకొనుట మనలో నింకను పోలేదు. నియమావళి మనకంటె నుదారముగా నున్నది. స్త్రీలకు మామూలు గడువునకు మించి రెండేండ్లు, అనగా మొత్తము పదేండ్ల వరకు అవకాశ మిచ్చినారు. ప్రసూతికిని, శిశుపోషణకును 240 దినముల సెలవు కలదు. అంతియేగాక, వివాహము వలన వేరు నగరమునకు బోవలసివచ్చిన స్త్రీ, కొన్ని షరతులకు లోబడి, తన పరిశోధన ఫలితములను అచ్చటి విద్యాసంస్థకు మార్చుకొనవచ్చునని స్పష్టముగా వ్రాసియున్నారు. కట్నకానుకలు గంటలకొలది మాటలాడు పెద్దలు ఈ మూడు సంగతులును పెండ్లిచూపులనాడే మగపెండ్లివారితో నొక్క నిమిషము మాటలాడినచో నెందరి చదువులో నిలుచును.

వ్యాసరచన మరియొక గండము. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకు ప్రయోగము చేయుట కష్టము కాదు, దానిని ఇంగ్లీషులో రెండువందల పుటలు వ్రాయుట కష్టము. అన్నియు చివరకు వ్రాసికొందుమని త్రోసివేయుదురు. తరుముకొని వచ్చిన గడువులో ఇతరుల వాక్యము లెత్తి పెట్టుకొందురు. యు.జి.సి.వారి 2018 నాటి నియమముల ప్రకారము నూటికి పదింటి వరకే పోలిక సహింతురు. నలుబది దాటినచో నొక యేడు వ్యాసము సమర్పించుటకు వీలులేదు. అరువది దాటినచో రిజిస్ట్రేషనే రద్దు. కాబట్టి మొదటి సంవత్సరమునుండియు నెలకు పది పుటలైన సొంత మాటలతో వ్రాసికొనుట తప్పదు. ఆ పుటలు తప్పులతడకగా నున్నను నష్టము లేదు, దిద్దుకొనవచ్చును.

ఇప్పుడు నా యసలు విన్నపము. మన విద్యానిధినుండి పరిశోధక విద్యార్థుల కిచ్చు సహాయము ప్రవేశము లభించిన సంవత్సరముననే యిచ్చుచున్నాము. సభలో చెక్కు అందించుటకు, ఛాయాచిత్రము దీయుటకు నది యనువైన కాలమే. కాని యా సమయమున సాయము కావలసినవారు కొందరే. జూనియర్ ఫెలోషిప్పు లభించినవానికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత పరిశీలన జరిపి సీనియర్ ఫెలోషిప్పుగా 42,000 రూపాయలు నిర్ణయించిరి. అది మొత్త మయిదేండ్లకు మించదు. గడువు ఆరేండ్లు, పొడిగించినచో నెనిమిదేండ్లు. ప్రయోగములు ముగిసి వ్యాసము వ్రాయవలసిన ఆరవ యేట వానికి పైకము లేదు. ఫెలోషిప్పు అసలే రానివాని సంగతి చెప్పనేల! అప్పుడే వాడు ఏదో ప్రైవేటు కళాశాలలో పాఠములు చెప్పుటకు బోవును. వ్యాసము పెట్టెలో బడును. ప్రారంభించినవారిని ప్రోత్సహించి, తీరము కనబడుచుండగా తెప్పను విడిచిపెట్టుచున్నాము.

దీనికి పెద్ద లొక యాక్షేపణ చెప్పుదురు: ఇంటర్మీడియటుకు జీతము కట్టలేని పిల్లలుండగా, అయిదేండ్లు వేతనము తిన్న ముప్పదేండ్లవాని కింకను ఇచ్చుట యేమి న్యాయమని. ఆ మాటలో బలము కలదు. చిన్న తరగతుల పిల్లల నిధిలోనుండి ఒక్క రూపాయియు దీయవలదనియే నా కోరిక. పరిశోధకులకని నేడు మొదటి యేట నిచ్చుచున్న సొమ్మునే, ఫెలోషిప్పు లేనివారికి మూడవ యేటనుండియు, ఉన్నవారికి ఆరవ యేటను ఇచ్చునట్లు మార్చుదము. మార్కుల పట్టిక అడుగుటకు మారుగా, సలహా సంఘమువారి కడపటి రెండు నివేదికల నకళ్లు దరఖాస్తునకు జతపరుపవలెనని నియమ ముంచుదము. పైరు పోయిన యేడు, ప్రసూతి యేడు లెక్కనుండి తీసివేయవలెను. మనలో విశ్వవిద్యాలయములందు పని చేసి విశ్రాంతి గైకొన్న యాచార్యులు కొందరున్నారు. వారిలో ముగ్గురు సంవత్సరమునకు రెండుమారులు గుంటూరులో గూర్చుండి యీ విద్యార్థుల నివేదికలు చదివి, వ్యాసము ఇంగ్లీషు దిద్దిపెట్టుట కొప్పుకొన్నచో, సొమ్మునకంటె నది మిన్న. తీర్మానపు ముసాయిదా కార్యదర్శిగారి చేతి కిచ్చియున్నాను. మధ్యాహ్నము విషయ నిర్ణయ సభలో అది చర్చకు వచ్చునప్పుడు, పరిశోధన చేయుచున్న మన పిల్లలలో ఇద్దరినైన, అందొక యాడుబిడ్డను, పిలిచి వారి మాట వినిన పిమ్మటనే వోటు తీసికొనవలసినదిగా అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను.