ఇంతకూ తాగాల్నా, వద్దా?

 

పట్టా అందుకున్న బిడ్డలారా, మీరు ఇంగ్లిషు సాహిత్యం చదివారు. మెటఫర్, సిమిలీ, ఐరనీ, హైపర్‌బొలీ అని నోట్సులు నింపారు. మీలో కొందరు కోఠి ఫుట్‌పాత్ మీద నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' పాత ప్రతి కొనుక్కొచ్చారు. ఇంకొందరు జీఆర్‌ఈ కోసం బారన్స్ 3,500 పదాల పట్టికను గోడకు అంటించుకుని, పొద్దుకు యాభై చొప్పున మింగుతున్నారు. ఆ కష్టం నాకు తెలుసు. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ ఇంగ్లిషు క్లాసులో ఏడాదిపాటు నోరు విప్పని పిల్లవాణ్ని నేను. పెద్ద మాటలు నేర్చుకోవడం డాబు కోసమని ఎవరైనా అంటే ఒప్పుకోను. కోర్టు తీర్పు, బ్యాంకు ఒప్పందం, ఆస్పత్రి రిపోర్టు ఆ మాటల్లోనే ఉన్నాయి. అవి రానివాడి తరఫున ఎప్పుడూ ఇంకెవరో మాట్లాడతారు.

అయితే రావడమంటే ఏమిటి? నాకు ఒక పెద్దమనిషి నేర్పాడు.

ఎం.ఏ. ముగించిన వేసవిలో మునుగోడు వైపు ఒక ఊరికి చుట్టాల ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చున్న ఒక తాత, మెడ తిప్పలేక మొత్తం ఒళ్లే తిప్పి నన్ను చూశాడు. ఇంగ్లిషు చదివినవాణ్నని తెలిసి ఇంట్లోంచి ఒక కాగితం తెప్పించాడు. వాళ్ల బోరింగు నీళ్ల పరీక్ష ఫలితం అది. ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటిందనీ, 'పర్మిసిబుల్ లిమిట్' మించిందనీ ఇంగ్లిషులో ఉంది. పర్మిసిబుల్ అనే మాటకు నాకు అయిదు పర్యాయపదాలు వచ్చు. దాని లాటిన్ మూలమూ వచ్చు. "అనుమతించదగిన పరిమితిని అతిక్రమించింది తాతా" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూశాడు. "గది సరే బిడ్డా, ఇంతకూ తాగాల్నా, వద్దా?" అన్నాడు.

చెప్పలేకపోయాను. ఆ పరిమితి 1.5 మిల్లీగ్రాములనీ, అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోతాయనీ తర్వాత చదివి తెలుసుకుని, మళ్లీ ఆ ఊరికి పోయి చెప్పాను. ఆ జబ్బు పేరు 'స్కెలెటల్ ఫ్లోరోసిస్'. ఆ మాటకు అర్థం నా డిక్షనరీలో కన్నా ముందు ఆయన మెడలో ఉంది. ఆ కాగితం పంపినవాళ్లు తెలుగులో ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది. రాయలేదు. ఇకమీదట ఆ వాక్యం రాయాల్సింది మీరు.

మన ఊరి పేరు కూడా ఇంగ్లిషులో ఒక పారిభాషిక పదమని మీలో ఎందరికి తెలుసు? పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించింది. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. టాంజానియాలో, ఇథియోపియాలో నీళ్ల ఇంజనీర్లు ఈ ఊరు చూడకుండానే ఈ ఊరి పేరు పలుకుతారు. ఒక జిల్లా పడ్డ బాధ అలా ఒక పదమైంది. ఏ పదాన్నయినా అలాగే చూడండి. దాని వెనక ఎవరో ఒకరి బతుకు ఉంటుంది.

ఇక అలంకారాల సంగతి. అరిస్టాటిల్ దగ్గర మొదలుపెట్టి చదివారు, మంచిదే. కానీ మన పాత జిల్లాలోనే, సంస్థాన్ నారాయణపురం మండలంలో రాచకొండ ఉంది. 14వ శతాబ్దిలో ఆ కోటను ఏలిన సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరం' అనే నాట్యశాస్త్ర గ్రంథం సంస్కృతంలో రాశాడు. ఆయన ఆస్థానంలోని విశ్వేశ్వరుడు 'చమత్కారచంద్రిక' అనే అలంకారశాస్త్రం రాసి, ఉదాహరణల్లో తన ప్రభువునే కీర్తించాడు. అదే మండలంలోని సర్వేలులో 1971లో గురుకుల పాఠశాల మొదలైంది. కొండ మీది రాజు చేతిలోని విద్య కొండ కింది కూలి బిడ్డ దగ్గరికి రావడానికి దాదాపు 600 ఏళ్లు పట్టింది. ఇంత ఆలస్యంగా మన చేతికొచ్చినదాన్ని బట్టీపట్టి పరీక్ష కాగానే మరిచిపోతే ఎట్లా?

మీ నాయనమ్మ ఏ శాస్త్రమూ చదవలేదు. "పని చేసి చేసి సచ్చి సున్నమైన" అంటుంది, అది హైపర్‌బొలీ, మన అతిశయోక్తి. పాలు పొంగబెట్టిన మనుమరాలితో "మంచిగనే జేసినవ్ తియ్" అంటుంది, అది ఐరనీ. ఐరనీ అంటే వ్యాజస్తుతే అని వెంటనే రాసేయకండి. వ్యాజస్తుతి పొగుడుతున్నట్టు తిట్టడం, తిడుతున్నట్టు పొగడటం. ఐరనీ ఇంకా విశాలం, కథలో విధి చేసే పనీ దాని కిందికే వస్తుంది. మెటఫర్, రూపకం కూడా కవలలు కావు. గ్రీకులో మెటఫర్ అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకుపోవడం. నేటికీ గ్రీసులో సామాన్లు మోసే లారీల మీద ఆ మాటే ఉంటుంది. మన రూపకం మోయదు, ఒకదాని మీద ఇంకోదాని రూపాన్ని ఆరోపిస్తుంది. మోత అంటే ఏమిటో మీలో పాలమూరు నుంచి వచ్చిన బిడ్డలకు ఒకరు చెప్పాలా? దేశంలో ఎన్నో ఆనకట్టల మట్టి మీ తాతల నెత్తిన ఎక్కింది. మెటఫర్‌కూ రూపకానికీ మధ్య ఉన్న ఇలాంటి తేడా పట్టుకున్నవాడికే రెండు భాషలూ వచ్చినట్టు.

వాదన నేర్చుకోవాలంటే సురవరం ప్రతాపరెడ్డి గారిని చదవండి. ఆయన ఆ పాలమూరు వైపు గద్వాల ప్రాంతం వారే. మద్రాసులో ఇంగ్లిషు చదువు చదివి వచ్చి, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన కోపంతో బదులివ్వలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు తెప్పించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అరిస్టాటిల్ లోగోస్ అన్నది, అంటే తర్కంతో ఒప్పించడం, ఇదే. ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఏ ఇంగ్లిషు పుస్తకంలోనూ దొరకలేదు.

గోడ మీది ఆ పదాల పట్టికలు చింపేయమని నేను చెప్పను. జీఆర్‌ఈ వాళ్లే 2011లో విడి పదాలకు వ్యతిరేకార్థాలు అడగడం మానేసి, వాక్యంలో పెట్టి అడుగుతున్నారు. మీరూ కొత్త మాట వచ్చిన పూటే దాన్ని మీ ఊరి సంగతి ఒకదానితో కలిపి వాక్యం చేయండి. వాక్యం కుదరలేదంటే ఆ మాట ఇంకా మీది కాలేదు.

మీ చేతిలోని పట్టా మీద ఉన్నదంతా ఇంగ్లిషే. ఈ రాత్రి ఇంటికి పోయి, దాన్ని మీ అమ్మకు, నాయనకు తెలుగులో చదివి వినిపించండి. ఏ మాటా వదలకండి. వాళ్లు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పండి.