ఇరవయ్యో పేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత జ్ఞాపకాలు చెప్పమని కమిటీవారు అడిగారు. గోదారి గట్టు, లాంచీల కూత, లెక్కల మాస్టారి బెత్తం గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను వేరే సంగతి చెబుతాను. విన్నాక ఎవరైనా నన్ను నాలుగు మాటలన్నా పడతాను.

1975లో నాతో పదో తరగతి రాసినవాళ్లకు ‘లాంచీ’ గుర్తుండే ఉంటాడు. వాళ్ల నాన్న లాంచీ మీద పనిచేసేవారు కాబట్టి వాడికా పేరు వచ్చింది. 1996లో వాడు హైదరాబాద్ వచ్చి, ‘ఏదైనా పని చూడరా’ అన్నాడు. నేనప్పుడు బాలానగర్ వైపు ఒక చిన్న ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాను. మా యజమానికి చెప్పి హెల్పరుగా పెట్టించాను. స్నేహితుడికి సాయం చేశానని చాలాకాలం గర్వంగానే ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి. ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952 నాటిది. ఇరవై మంది పనిచేసే చోట అది వర్తిస్తుంది. మా ఫ్యాక్టరీలో ముప్ఫై మందికి పైగా ఉండేవారు. మస్టరు రోల్‌లో మాత్రం పంతొమ్మిది పేర్లే ఉండేవి. మిగతావాళ్లకు శనివారం శనివారం వోచరు మీద కూలి ఇచ్చేవాళ్లం. ‘ఇరవయ్యో పేరు ఎక్కిందంటే మనకు తద్దినం’ అనేవారు యజమాని. ఆ పేరు ఎక్కకుండా చూసుకునే చెయ్యి నాది. లాంచీ వోచరు కూడా పద్నాలుగేళ్లపాటు, 2010 వరకు, నేనే రాశాను.

ఆ పద్నాలుగేళ్లూ వాడి పేరు పుస్తకంలో ఉండుంటే ఏమయ్యేదో నాకు లెక్క తెలుసు. ఆ కాలంలో ఎక్కువ భాగం జీతంలో నూటికి పన్నెండు వాడిది, ఇంకో పన్నెండు యజమానిది జమ అయ్యేవి. యజమాని వాటాలోంచి 8.33 శాతం పింఛను ఖాతాకు వెళ్లేది. పదేళ్ల సర్వీసు నిండినవాడికి 58వ ఏట నుంచి నెలనెలా పింఛను వస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి అది వెయ్యికి తగ్గడానికి వీల్లేదు. మనిషి పోతే భార్యకు సగం. వెయ్యి ఏమాత్రం అంటారేమో. నెలాఖరున మందుల షాపు ముందు నిలబడినవాడిని అడగండి.

ఒకసారి మిషను దగ్గర వాడి కుడిచెయ్యి కాలింది. ఈఎస్ఐ కార్డు లేదు. ప్రైవేటు డాక్టరు దగ్గర కట్టు కట్టించి, యజమాని చేతిలో కొంత పెట్టారు. దాన్నీ నేను ‘ఇతర ఖర్చులు’ కింద రాశాను. ఫ్యాక్టరీ తర్వాత మూతపడింది. ఇప్పుడు ఎవరినీ అడగడానికి లేదు.

ఇది మా ఒక్క షెడ్డు కథ కాదు. లోకంలో ఏదో ఒక సామాజిక భద్రత ఉన్నవాళ్లు సగానికి మించడం 2023లోనే మొదటిసారి అని, 52.4 శాతమని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క చెప్పింది. మిగిలిన 380 కోట్ల మందిలో మన ఊరినుంచి పట్నం పోయిన డ్రైవర్లు, వాచ్‌మన్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎందరో. ఊళ్లో పేదవాడు ఎవరో సచివాలయంలో అందరికీ తెలుసు. పట్నంలో పక్క పోర్షనువాడికే తెలియదు.

ఈరోజు లాంచీకి ఉన్నదల్లా ఈ ఊరిచ్చిందే. బియ్యం కార్డు, ఓటు ఇక్కడే ఉన్నాయి. వృద్ధాప్య పింఛను ఇక్కడే. 2024 జులై నుంచి అది నాలుగు వేలు. కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటాడు కాబట్టి నెలనెలా రాలేడు. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు, అది కొంత నయం. మూడు నెలలకోసారి బస్సెక్కి వచ్చి పన్నెండు వేలు తీసుకుని వెళతాడు. రానుపోను ఛార్జీలు, తిండి అందులోంచే.

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో మొదలైంది మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్యే, ఇంకోవైపు గుజరాత్, మహారాష్ట్రల మధ్య. ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డైతే హైదరాబాద్‌లోనూ బియ్యం తీసుకోవచ్చు. వాడిది ఆ కార్డే. అయినా ఏళ్లతరబడి తీసుకోలేదు. మొదట ఎవరూ చెప్పలేదు. చెప్పాక మిషను మీద వేలిముద్ర పడలేదు. ఆ కాలిన చెయ్యే. నేను పక్కన నిలబడి ఉన్నాను. ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే పెట్టించి చూస్తే, ఉంగరం వేలు పడింది. ఇద్దరికీ కలిపి పది కేజీలు. సంచీ భుజాన వేసుకుని, ‘నువ్వెందుకురా అంత దిగులుగా ఉన్నావ్’ అన్నాడు. మస్టరు సంగతి అప్పుడు చెప్పాను. ‘నాకు తెలుసులేరా, పిల్లల ఫీజులు నీకూ ఉండేవి’ అన్నాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి మన సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన ఉంది. కట్టండి, నేను కాదనను. దానికి ముందు, ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను. కార్డులు, పాస్‌బుక్కులు తెచ్చినవాళ్లవి చూస్తాను. ఈ-శ్రమ్ కార్డుంటే నెలనెలా డబ్బు పడుతుందనుకునేవాళ్లున్నారు, అది నమోదు మాత్రమే. భవన నిర్మాణంలో పనిచేసేవాళ్లు ఏడాదిలో 90 రోజుల పని చూపించి సంక్షేమ బోర్డులో చేరవచ్చు, కానీ అరవై లోపే. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా డెబ్బై ఏళ్ల వరకే. మా బ్యాచ్‌వాళ్లకు ఇంకో నాలుగేళ్లే ఉంది, నవ్వకండి. మీలో వ్యాపారాలు చేసేవాళ్లు, కాంట్రాక్టులు చేసేవాళ్లు కూడా ఉన్నారు. మీ మస్టరు ఎవరు రాస్తున్నారో వాళ్లను కూడా ఆ బల్ల దగ్గరకు పంపండి, నాకు వాళ్లతోనే ఎక్కువ పని.

లాంచీ మూడో వరసలో కూర్చున్నాడు. వాడి గురించి చెప్పడానికి వాడి అనుమతి తీసుకున్నాను. రేపు ఒకటో తారీఖు, పింఛను తీసుకుని సాయంత్రం బస్సెక్కుతాడు. పక్క సీటు నేను చేయించుకున్నాను.