ధారాళంగా వస్తే చాలా?

ఎండలు ముదిరేసరికి కిడ్నీల గురించి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. చాలామంది రాసిన మాట ఒకటే: "డాక్టరుగారూ, మూత్రం బాగానే వస్తోంది. ఇంక పరీక్షలెందుకు?" ఈ నమ్మకమే కొంప ముంచుతోంది తల్లీ. గంజి ధారగా వారినంత మాత్రాన అన్నం ఉడికినట్టా? మెతుకు పట్టి చూడమూ?

చూడాల్సినవి రెండు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి "నార్మలే" అనుకోకండి. వయసు, ఆడా మగా లెక్కేసి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, కట్టించుకోండి. అదే 1.2 క్రియాటినిన్‌కి పాతికేళ్ల కుర్రాడికి 86 దాకా వస్తే, అరవై అయిదేళ్ల ఆవిడకి 50 దగ్గరే ఆగుతుంది. 60 కన్నా తక్కువగా మూడు నెలలు దాటి ఉంటే అది దీర్ఘకాలిక జబ్బే.

ఉద్దానం నుంచి, కవిటి వైపు జీడితోటల్లో పనిచేసే ఒకావిడ భర్తకు తోడుగా మా దగ్గరికొచ్చింది. ఎలాగూ వచ్చావు కదా, నువ్వూ రక్తం ఇచ్చి వెళ్లమ్మా అన్నాను. "నాకేటైంది బాబూ, ఒంటేలు ధారగా వస్తంది, నొప్పి నేదు, మంట నేదు" అంది. ఎంత చెప్పినా వినదు. చివరికి భర్తే కోప్పడితే ఇచ్చింది. క్రియాటినిన్ మూడు దాటింది. షుగరు లేదు, బీపీ లేదు, మూత్రంలో ఆల్బుమిన్ కూడా పెద్దగా లేదు. ఉద్దానంలో ఇలాంటివాళ్లు చాలామంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అందుకే అక్కడివాళ్లు మూత్రపరీక్ష ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు. ఆవిణ్ణి రాత్రిళ్లు మూత్రానికి లేస్తున్నావా అని అడిగితే, మూడేసి సార్లు లేస్తున్నానంది. అది కిడ్నీల బలం అనుకుంది పాపం! మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గినా అలా ఎక్కువసార్లు వస్తుంది. ఒళ్లునొప్పులకు మందుల షాపులో కొన్న బిళ్లలు రోజూ వేసుకునేదట. అవి మాన్పించాం.

షుగరుంటే తంతు వేరు. అక్కడ ఆల్బుమిన్ ముందు బయటపడుతుంది, క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. మామూలు మూత్రపరీక్షలో కొద్దిపాటి ఆల్బుమిన్ దొరకదు. ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి అని అడగండి. 30 దాటితే మళ్లీ చూడాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెండూ చేయించుకోండి. మూత్రం వస్తోంది కదా అని మాత్రం నాకు మళ్లీ రాయకండి!

పరీక్షకి మూత్రం పొద్దున లేవగానే వచ్చేది పట్టండి. జ్వరంలో, నెలసరి రోజుల్లో వద్దు. ముందురోజు రాత్రి మాంసం దండిగా తింటే క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తుంది. ఈ రెండు పరీక్షలకీ పరగడుపున ఉండక్కర్లేదు. టీ తాగి, రక్తమిచ్చి పనికి వెళ్లిపోవచ్చు.