గొంతు పలకకున్నా మాట అందుతుంది



ఇంజిన్ హోరులో వైర్‌లెస్ సెట్ పట్టుకుని "సే అగైన్" అని అరవని వాళ్ళు ఈ హాల్లో బహుశా ఎవరూ ఉండరు. త్రోట్ మైక్ చాలావరకు ఆదుకుంటుంది గానీ, అదీ గొంతులోని వణుకును పట్టేదే. గొంతు పలకకపోతే దానికి పనిలేదు. నేను చెప్పబోయేది గొంతు అసలు పలకకపోయినా మాటను గుర్తించే పద్ధతి.

మాట్లాడేటప్పుడు మెదడు నుంచి పెదవులకు, నాలుకకు, దవడకు నరాల ద్వారా ఆజ్ఞలు వెళ్తాయి. కండరం బిగిసినప్పుడల్లా స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. గుండెకు ఈసీజీ తీసినట్టే, చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండరాలకు తీసేది ఈఎంజీ. శబ్దం చేయకుండా నోరు కదిపినా ఆ సంకేతం వస్తుంది. ఇది మనసు చదవడం కాదండీ. మనిషి పలకడానికి ప్రయత్నించాలి.

2001లోనే కెనడా పరిశోధకులు పైలట్ ఆక్సిజన్ మాస్కులో ఎలక్ట్రోడ్లు అమర్చి అంకెలు గుర్తించి చూశారు. 2004లో అమెరికాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో చక్ జోర్గెన్సెన్ బృందం గడ్డం కింద, గొంతుకు రెండు పక్కలా బొత్తామంత సెన్సర్లు పెట్టి స్టాప్, గో, లెఫ్ట్, రైట్ వంటి ఆరు మాటలనూ పది అంకెలనూ సగటున 92 శాతం సరిగ్గా గుర్తించింది.

92 అంటే పరీక్షలో డిస్టింక్షనే. కానీ ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్ చెప్పాలనుకోండి. ఒక్కో అంకెకు 92 శాతం చొప్పున, ఆరూ సరిగ్గా అందే అవకాశం దాదాపు 60 శాతమే. ఆ లెక్కన ఫైర్ అడిగే ధైర్యం నాకైతే లేదు.

మన భాషలో ఇంకో చిక్కు. పాట, బాట, మాట అని చప్పుడు లేకుండా అని చూడండి. పెదవుల పని మూడింటికీ ఒకటే. బ-కు గొంతులో నాదం, మ-కు ముక్కులోంచి గాలి, ఇవి లోపల జరిగేవి. పైన అంటించిన ఎలక్ట్రోడుకు సరిగా అందవు. ముందూ వెనకా మాటల్ని బట్టి యంత్రం ఊహించుకోవాల్సిందే. పైగా ఎలక్ట్రోడ్ నిన్నటి చోటు నుంచి కాస్త జరిగినా, చెమట పట్టినా సంకేతం మారుతుంది. గడ్డాలు పెంచే మన నేవీ మిత్రుల సంగతి సరేసరి!

అందుకే నా దృష్టిలో ఇది ముందుగా అక్కరకొచ్చేది యుద్ధరంగంలో కాదు, ఆసుపత్రిలో. క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసిన వారికి పెదవులు, నాలుక, దవడ చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి. 2020లో బర్క్‌లీలో డేవిడ్ గ్యాడీ, డాన్ క్లైన్ నిశ్శబ్దంగా అన్న మాటల కండర సంకేతాల నుంచి వినిపించే మాటను తయారుచేసి చూపారు. ప్రయోగంలో పాల్గొన్నది గొంతు బాగున్న మనిషే, ఇంగ్లీషులోనే. ఇంట్లో "నీళ్ళు" అన్నది తప్పుగా వినిపిస్తే మళ్ళీ అనవచ్చు, ప్రాణం పోదు. అయితే మనవాడు తెలుగులో నీళ్ళడగాలంటే, యంత్రానికి తెలుగు సంకేతాలే నేర్పాలి. అవి రికార్డు చేయడానికి గంటల తరబడి ఓపికగా కూర్చునే మనుషులు కావాలి. ఓపిక, తీరిక రెండూ ఉన్న రిటైరైన వాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం.

ఇక ప్రశ్నలడగండి.