పెద్దపీట ఎవరికి?

ఈనాడు పట్టములు పుచ్చుకొనుచున్న బిడ్డలారా, నేనెరిగిన సంగతిలోనికి నేరుగా పోయెదను.

ఈ గోదావరి మండలములలో ప్రభుత్వ వైద్యుడనై, చర్మవ్యాధుల, సుఖవ్యాధుల విభాగములలో నా ఉద్యోగజీవితమంతయు గడచినది. ఆ విభాగము ఏ ఆసుపత్రిలోనైనను చివరి వసారాలోనే యుండును. అచ్చటికి వచ్చువారు చీటీ వ్రాయించుకొను కిటికీ దగ్గరనే పేరు మార్చి చెప్పుదురు, ఊరు మార్చి చెప్పుదురు, ఎదుట తెలిసిన ముఖము కనబడినచో మందు పుచ్చుకొనకయే వెనుకకు మరలిపోవుదురు.

అట్టి వసారాకు ఒకనాడు కోనసీమలో కొబ్బరి దింపు పనిచేయు యువకుడొకడు వచ్చెను. ఒంటిమీది పుండునకు మందు వ్రాయుట క్షణములో పని. కాని వాడు మందు చేతబట్టుకొనియు కదలక, భుజముమీది తువాలు కొనను మెలివేయుచు, గుమ్మము చెంతనే నిలిచిపోయెను. శిక్షణ పొందిన కౌన్సెలరు ముద్రితపత్రము ముందుంచుకొని అందలి ప్రశ్నలన్నియు వరుసగా నడిగెను. అన్నిటికిని "లేదండి" యన్న సమాధానమొక్కటియే లభించెను. అంతలో, రోగులను వెంటబెట్టుకొని తరచు మా వసారాకు వచ్చు ఒక హిజ్రా స్త్రీ, అందరును అక్కా యని పిలుచునామె, వానిని చూచి, "ఏరా తమ్ముడూ, పొద్దుట్నుంచీ ఏవన్నా తిన్నావా?" అని మాత్రమడిగి, చేయిపట్టి తీసికొనిపోయి, వేపచెట్టు క్రింది అరుగుపై కూర్చుండబెట్టి, టీ త్రాగించెను. గంటసేపటికి తానొక్కతెయే తిరిగివచ్చి నాతో ఇట్లనెను: "డాక్టరు గారండీ, ఈ అబ్బాయికి జబ్బు కంటే భయం ఎక్కువుందండి. ఇంట్లో పెళ్లికి ముహూర్తం పెట్టేశారంటండి. ఆడపిల్ల మీదకి మనసు పోదని ఎవరితో చెప్పుకోవాలో తెలీక, రెండు మూడు సార్లు బ్రిడ్జి దాకా ఎళ్లొచ్చాడంటండి."

మా పత్రములోని ప్రశ్నలలో బ్రిడ్జి ప్రస్తావన లేదు. ఆమె దానిని అడుగగలుగుటకు కారణము, తానును ఒకప్పుడు ఆ బ్రిడ్జిపై నిలువబడి వచ్చినదగుటయే. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున, మద్యపానముచే చెడిన ఒక శస్త్రవైద్యుడు, ఏ వైద్యమువలనను కలుగని ఉపశమనమును, తనవలెనే త్రాగి చెడి తేరుకొనుచున్న ఒక షేర్ల వ్యాపారి చెంత కూర్చుండి మాటలాడుటచే పొందెననియు, ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము ఆ సంభాషణమునుండియే పుట్టెననియు చదువుకొన్నవాడనే గాని, అందలి సత్యము నాకు గోచరించినది మాత్రము ఆ వేపచెట్టు క్రిందనే.

2003లో గేట్స్ ఫౌండేషన్ వారి ధనసాహాయ్యముతో, మన రాష్ట్రముతో కూడ ఆరు రాష్ట్రములలో, ఆవాహన్ అను హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమము మొదలైనప్పుడు, రాజమండ్రి అందొక ముఖ్యస్థానమయ్యెను. కేర్ సంస్థవారు ఇచ్చట సెక్స్ వర్కరు స్త్రీలను సంఘములుగా గూర్చి, ఆ పనిని వారిచేతనే నడిపింప యత్నించిరి. దేశవిదేశముల పరిశోధకులు ఈ ఊరికి వచ్చి, సంఘబలమునకును ఆత్మరక్షణమునకును గల సంబంధమును అధ్యయనము చేసిరి. ప్రభుత్వ కార్యక్రమములలోను సుమారు 60 మందికి ఒక పీర్ ఎడ్యుకేటరు చొప్పున నియమించు పద్ధతి స్థిరపడెను. పీరు అనగా బయటినుండి వచ్చిన ఉపకారి కాదు, ఆ 60 మందిలోనివారే.

అట్టి కార్యక్రమములవారి డ్రాపిన్ సెంటరు, అనగా సంఘస్థులు వచ్చి కూడుకొను గది, ఒకదానిని నేనెరుగుదును. ఇరుకుమెట్లు గల మేడమీది గది; చాపలు, మూలను మంచినీళ్ల కుండ, గోడకొక నిలువుటద్దము, దాని క్రింద అలమరలో దువ్వెనలు, కాటుకడబ్బీలు, ఎవరో విడిచిపోయిన గాజులు. పగలు ప్యాంటు చొక్కాలతో మెట్లెక్కి వచ్చినవారు, అచ్చట చీరకట్టుకొని, అద్దమునెదుట కొంతసేపు నిలిచి, కబుర్లు చెప్పుకొని, కలిసి భోంచేసి, సంధ్యవేళకు మరల ప్యాంటు తొడిగి తమతమ ఇండ్లకు దిగిపోయెడివారు. చదువురాని పీర్లకొరకు బొమ్మల డైరీలుండెడివి: మనిషికొక వరుస, ఆసుపత్రికి పోయివచ్చినచో ఒక గుర్తు, ఎవరైన కొట్టినచో ఒక గుర్తు. అక్షరమురాని ఒక స్త్రీ ఆ డైరీ ముందుంచుకొని, తన వీధిలో ఈ వారము ఎవరు కనబడలేదో, ఎవరిని వెదకవలెనో చెప్పుచుండగా వింటిని. నా ఆసుపత్రి రిజిస్టరులలో అంతటి జాగ్రత్త నాకెన్నడును కానరాలేదు.

ఇక నా మనసులో చిరకాలముగా మెదలుచున్న బెంగను చెప్పెదను. ఆ గది రోగభయమువలన వచ్చినది. సమాజము తన ఆరోగ్యమునకు భయపడి ఇచ్చినదే గాని, ఆ మనుష్యుల ఒంటరితనమును చూచి ఇచ్చినది కాదు. నిధుల గడువు తీరి, కార్యక్రమము చేతులు మారిన పిమ్మట, నేనెరిగిన గదులు కొన్ని మూతబడినవి. నిలిచినవి రక్తపరీక్షల లెక్కలకు మాత్రమే నిలిచినవి. రక్తములో దోషము కనబడినవానికి ఒక కార్డు, ఒక మందు, ఒక పీరు కలరు. రక్తము నిర్దుష్టముగానున్నవానికి, ఒంటరితనము తప్ప వేరు రోగమెరుగనివానికి, పోవుటకు చోటేది? స్త్రీని ప్రేమించు స్త్రీకి ఆ గది తెరచియున్న రోజులలోనే చోటులేకుండెను, ఏలయన ఆమె హెచ్‌ఐవీ ప్రమాదము గలవారి జాబితాలలో దేనియందును లేదు. జబ్బు చేసినగాని పలుకరింపమను దయను నేను దయయని ఒప్పుకొనజాలను.

న్యాయస్థానములు తమ వంతు కొంత చేసినవి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండరు వ్యక్తులు తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కును గుర్తించెను. 2018 సెప్టెంబరు 6న స్వలింగప్రేమ నేరము కాదనెను. హిజ్రాలు తమ పేర్లు పోలీసులకడ నమోదు చేయించుకొనవలెనని శాసించి, స్త్రీవేషమున వీధిలో కనబడినచో వారంటులేక పట్టుకొనుటకు వీలిచ్చిన 1919 నాటి నిజాం చట్టమును 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసెను. ఆ వ్యాజ్యమును నడపినది బయటి ఉపకారులు కారు. ట్రాన్స్‌జెండరు ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లియు, ఆమె సహచరులును. అయినను, కలెక్టరు కార్యాలయమునుండి గుర్తింపుపత్రము తెచ్చుకొనుటకు అమలాపురము దగ్గరి పల్లెటూరి పిల్లకు దరఖాస్తు నింపిపెట్టువారెవరు? అంతకుముందే ఆ పత్రము తెచ్చుకొనిన మరియొక పిల్లయే. తీర్పు ఎక్కడో రాజధానిలో వెలువడును. దాని ఫలము మాత్రము ఒక అక్కచేతినుండి ఒక చెల్లెలిచేతికి రావలసినదే.

హిజ్రాల ఇండ్లలో గురువు, చేలా (శిష్యురాలు) అను బంధములు చట్టములకు ఎంతో పూర్వమునుండియే కలవు. ఇల్లు వెడలగొట్టిన పిల్లకు అన్నము పెట్టినది, వృద్ధాప్యమున గురువునకు నోట నీరు పోసినది ఆ ఇండ్లే. అప్పులు, ఆంక్షలు, పెత్తనములు వానియందును కలవు. నేను వానిని స్వర్గములుగా వర్ణింపను. కాని మనము విడిచిన బాధ్యతను మోసినవారి లోపములను ముందుగా లెక్కించుట నాకు ధర్మముగా తోచదు.

మన ఊరి చరిత్రనే తలచుకొనుడు. 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు ఈ రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు, వంటవారు రాక, నీళ్లు మోయువారు రాక పోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీళ్లు మోసి వంటచేసిరి. కళాశాల విద్యార్థులు అండగా నిలిచిరి. ఆ మహనీయుని విగ్రహమునకు దండ వేయనివారు మనలో లేరు. కాని ఆనాటి పెండ్లికూతురు గౌరమ్మ పేరు మీలో ఎందరికి తెలియును? ఉపకారి పేరు నిలిచి, ఉపకారము పొందినవారి పేరు మాసిపోవుట మన సేవాచరిత్రకు పట్టిన పాత వ్యాధి. అందుచేతనే నేను మిమ్ములను వీరేశలింగములు కండని దీవింపను. రాజ్యలక్ష్మమ్మగారివలె నీళ్లు మోయుడని అడిగెదను.

ఓరి నాయనలారా, మీ తరమున సేవ చేయవలెనన్న కోరిక లేకపోలేదు. అది నాకు తెలియును. కాని దుప్పటి పంచకముందే ఫోటోగ్రాఫరును పిలుతురేమి? సంఘము పుట్టకముందే అధ్యక్షుడెవరని తగవులాడుదురేమి? ట్రాన్స్‌జెండరుల సమస్యలపై సదస్సు పెట్టి, వేదికపై ఆరు కుర్చీలు వేసి, అందొక్కదానిపైనను ట్రాన్స్‌జెండరు కూర్చుండకుండ జరిపించిన సభలకు నన్నును పిలిచిరి. నేను పోలేదు, ఇకముందును పోను. వారికి పెద్దపీట వేయుడు. మీకు జమాఖర్చులు వ్రాయుట వచ్చును, అర్జీలు వ్రాయుట వచ్చును, అద్దెకు హామీ సంతకము పెట్టగల ఉద్యోగములు రానున్నవి. ఆ పనులు చేసి వెనుక కూర్చుండుడు.

ఇదే మాట ఆటిజము, ఏడీహెచ్‌డీ కలవారి విషయమునను చెప్పుదును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొని, ఆటిజమును, చదువుట వ్రాయుటలలోని ప్రత్యేక లోపములను వానిలో చేర్చినది. మన పట్టణములలో ఇప్పుడు చిన్నపిల్లలకు థెరపీ కేంద్రములు వెలయుచున్నవి, సంతోషమే. ఆ పిల్లలు ముప్పది యేండ్లవారైన పిమ్మట ఎచ్చటికి పోవలెను? సమావేశములలో తల్లిదండ్రులు మాటలాడుదురు, వైద్యులము మేము మాటలాడుదుము, ఎవరిని గూర్చి మాటలాడుచున్నామో ఆ మనిషి బయట బెంచీపై కూర్చుండును. నాకు పరిచయమున్న ఒక యువ ఉపన్యాసకుడు, బాల్యమంతయు పొగరుబోతనియు, ముంగియనియు మాటలుపడి, పెద్దవాడైన తరువాత తనది ఆటిజమని తెలిసికొని, తనవంటివారిని మరి నలుగురిని వెదకి, కాకినాడలో తన యింట నెలకొకసారి కలిసికొను ఏర్పాటు చేసెను. నన్నొకనాడు పిలిచిరి. ట్యూబులైటు ఆర్పి చిన్నదీపము పెట్టుకొనిరి. ఎవరును ఎవరి కన్నులలోనికి చూడనక్కరలేదు. మాటలాడుటకు ఇష్టము లేనివారు కాగితముపై వ్రాసిరి. మధ్యలో లేచి పెరటిలోనికి పోయినవానిని ఎవరును ఎందుకని అడుగలేదు. ఆ నియమములు పెట్టినవారు వారే. అవి ఏ వైద్యశాస్త్రగ్రంథమునను నాకు కానరాలేదు.

మన్యమునుండి రాజమండ్రి హాస్టళ్లకు వచ్చు కోయ, కొండరెడ్డి విద్యార్థుల సంగతియు ఇంతియే. తమ యాసకు తరగతి నవ్వినదని తొలినెలలోనే పెట్టె సర్దుకొను పిల్లను నిలుపగలది హాస్టలు నిబంధన కాదు. రంపచోడవరము బస్సు దిగుసరికి బస్టాండులో ఎదురుచూచి, తన భాషలో పలుకరించు సీనియరే. మీలో అట్లు నిలిచి చదివినవారున్నారు. ఆ తోవలో ముందు నడచినవారు మీరే గనుక, రాబోవు సంవత్సరము బస్టాండునకు పోవలసినవారును మీరే.

ఈ సభలో కూర్చున్నవారిలోనే, నేను చెప్పుచున్నది తమ్మును గూర్చియేనని గ్రహించి, ప్రక్కవారికి తెలియకుండ తల వంచుకొన్నవారు కొందరుందురు. బిడ్డలారా, మీరు ఈనాడే బయటపడవలెనని నేనడుగను. అది మీకు వీలైన వేళ, మీకు క్షేమమైన చోట చేయవలసిన పని, చేయకున్నను దోషము లేదు. ఒక్క మనిషినైన వెదకికొనుడు. మరియు, తోడివారికి అండగా నిలుచునప్పుడు మీ నిద్రను, మీ జీతమును మరువకుడు. నేనెరిగిన పీర్లలో పలువురు అర్ధరాత్రి వచ్చిన ప్రతి పిలుపునకు పరుగెత్తి, చాలీచాలని గౌరవవేతనముతో అలసిపోయిరి. సేవయన్న పేరుతో వారి శ్రమను ఉచితముగా పుచ్చుకొను సంస్థలలో చేరబోవు మీ సహాధ్యాయులకు కూడ ఈ మాట చెప్పుచున్నాను: జీతమియ్యుడు, నెలనెలా ఇయ్యుడు.

గదులు మూతబడినవని మీతో మొరపెట్టి ఊరకుండుట న్యాయము కాదు. మా యింటి మేడమీద వీధివైపు మెట్లున్న గది యొకటి ఖాళీగా నున్నది. మీలో ఎవరైనను, మీవంటి మరి నలుగురితో కలిసి కూర్చుండుటకు చోటు కావలెననుకొన్నచో, వచ్చి తాళము పుచ్చుకొనుడు. అద్దె అక్కరలేదు, కరెంటు బిల్లు మీరు కట్టుకొనుడు. వచ్చువారెవరని నేనడుగను, సమావేశములకు రాను. నిలువుటద్దము మాత్రము ముందుగానే పెట్టించియుంచెదను.