కొలువులో ఉన్నవారిపై విచారణ: మన హక్కు, మన బాధ్యత
(వరంగల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో చేరేటప్పుడు అటెస్టేషన్ ఫారం నింపడం, దానిపై పోలీసు విచారణ జరగడం మనందరికీ తెలిసినదే. ప్రభుత్వ కార్యాలయాల్లో గుమస్తాలుగా పనిచేసిన మేము అటువంటి ఫారాలను ఎన్నో చూశాము. ఇప్పుడు కొన్ని సంస్థలు ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారి పూర్వాపరాలను సైతం మధ్యమధ్య తిరిగి విచారిస్తున్నాయి. దీనిని మేము గుడ్డిగా వ్యతిరేకించము. బడి బస్సు నడిపేవారిని గురించి, ఆసుపత్రిలో రాత్రి కాపలా ఉండేవారిని గురించి తెలుసుకోవడం అవసరమే. మన పిల్లలూ ఆ బస్సుల్లోనే వెళుతున్నారు. అయితే విచారణ అందరికీ ఒకే తీరుగా ఉండాలి. మనిషి చేసిన పనిని చూడాలి గాని, అతని పేరును, పేటను, బంధువులను చూడరాదు.

2007లో మక్కా మసీదు పేలుడు తరువాత హైదరాబాదులో ఎందరో ముస్లిం యువకులను పట్టుకున్నారు. కేసులు ఎదుర్కొన్నవారు నిర్దోషులుగా బయటికి వచ్చారు. కోర్టు విడిచిపెట్టినా పాత అనుమానం ఉద్యోగం దగ్గర అడ్డుపడుతుందేమోనన్న భయం మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నది.

ఈ విషయంలో మనకు అండగా నిలిచే తీర్పు 1983లో వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఒక పురపాలక పాఠశాలను స్వాధీనం చేసుకొని, అందులోని ఉపాధ్యాయుని సర్వీసులోకి తీసుకొన్నది. గతంలో ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసు నివేదిక రాగా 1974లో తొలగించింది. సుప్రీంకోర్టు ఆ తొలగింపును ఒప్పుకోలేదు. తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ ఉపాధ్యాయుని భావాలతో మనకు ఏకీభావం లేదు. అయినా ఆయనకు దక్కిన రక్షణ మనకూ రక్షణే. హక్కు అంటే అదే.

2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మరికొంత స్పష్టత ఇచ్చింది. ఫారంలో స్పష్టంగా అడిగినదానికి నిజమే చెప్పాలి. అడగనిది చెప్పలేదని దాచినట్లు భావించరాదు. సర్వీసు ఖాయమైన ఉద్యోగిని, సమాచారం దాచాడన్న కారణంతో తొలగించాలంటే ముందుగా శాఖాపరమైన విచారణ జరపాలి.

కనుక మన బాధ్యతలు కొన్ని ఉన్నాయి. లోక్ అదాలత్‌లో రాజీ అయిన చిన్న కేసైనా, ఫారంలో అడిగితే దాచకండి. నిర్దోషిగా విడుదలైతే తీర్పు ధ్రువీకృత ప్రతిని తీసుకొని భద్రపరచండి. ఆరోపణ ఏమిటో వ్రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. పిలిచి రాజీనామా వ్రాయమంటే అక్కడికక్కడే సంతకం చేయకండి. ప్రైవేటు కొలువుల్లో ప్రభుత్వ ఉద్యోగికి ఉన్నంత రక్షణ లేదు. అందుకే అక్కడ కాగితం మరింత ముఖ్యం. స్త్రీలకు, కార్మికులకు, తక్కువ ఆదాయం గలవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలోని మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. ఫారాలు నింపడంలో, జవాబులు వ్రాయడంలో సాయపడేందుకు ప్రతి పేటలోనూ ఒక విశ్రాంత ఉద్యోగిని నియమించండి. ఆ పనికి మేము సిద్ధంగా ఉన్నాము. సెలవు.