చార మిగలని తుడుపు నీళ్లు

కొండవీడు వైపు ఇళ్లలో కిటికీ అద్దం తుడిచి చూడండి. ఆరగానే తెల్లటి చారలు తేలతాయి. తప్పు చాలావరకు నీళ్లదే. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల నాపరాళ్లు ఉన్న సున్నపురాతి సీమ మనది. బోరు నీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. నీరు ఆవిరైనా అది అక్కడే ఉండిపోతుంది. సబ్బు తగిలితే దానితో కలిసి, కరగని తెట్టుగా పేరుకుంటుంది.

అందుకని ముందు నీళ్లు మార్చండి. 750 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్లలో 250 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు. లిక్విడ్ ఎక్కువైతే అదే చార! గుడ్డపై చల్లి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మరోసారి తుడవండి. అద్దాలకు, గ్లేజు టైల్స్‌కు, స్టీలు సింకుకు బాగుంటుంది.

చాలామంది ఇందులో వంటసోడా కూడా కలుపుతారు. బుసబుస పొంగితే పని జరుగుతోందనిపిస్తుంది గానీ, ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పు మిగులుతుంది. ఆరాక తెల్లగా కనపడేది ఆ ఉప్పే.

నాపరాళ్ల గచ్చుకు మాత్రం వెనిగర్, నిమ్మరసం వద్దు. ఆమ్లం సున్నపురాతిని తినేస్తుంది, నునుపు పోతుంది. బకెట్ నీళ్లలో కొద్దిగా లిక్విడ్ వేసి తుడిచి, మంచినీళ్లతో మరోసారి తుడవండి.

బ్లీచింగ్ పౌడరుతో వెనిగర్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తుడుపు నీళ్ల సీసా మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి.